ప్రార్థన తరువాత ఉత్తరాలు

పెద్దన్న మోరిసు దీవిలోనే, అంటే మారిషస్‌లోనే, పుట్టాడు. ఇండియాను అతను చూడలేదు. మోకా వైపు ఒక చెరకు ఎస్టేటు క్యాంపులో, గడ్డి కప్పిన వరసగదుల్లో చివరి గది వాళ్లది. అతనికి ఆరేళ్లప్పుడు తల్లీ తండ్రీ ఒకే వానాకాలంలో చలిజ్వరంతో పోయారు. ఏడు రోజులు క్యాంపువాళ్లు వంతులు వేసుకుని అన్నం పెట్టారు. ఎనిమిదో రోజు మిషను బండి వచ్చి పిల్లవాణ్ణి పాంప్లెమూస్ దగ్గరున్న బడికి తీసుకుపోయింది.

ఆ బడిలో ఒక ముసలి తెలుగు ఉపదేశి ఉండేవాడు. పాద్రిదొరల కింద పనిచేస్తూ, క్యాంపులు తిరిగి సువార్త చెప్పేవాళ్లను ఉపదేశులనేవారు. ఆ ముసలాయన పెద్దన్నను పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని, ఇసుకలో అక్షరాలు దిద్దించాడు. తల్లిదండ్రులు పోయాక తన చేతిని ఇంకొక మనిషి పట్టుకోవడం అదే మొదలు. క్రీస్తు మీద పెద్దన్నకు నమ్మకం కుదిరింది ఆ చేతి వల్లనే. వాదనల వల్ల కాదు.

బాప్తిస్మమప్పుడు అతనికి వేరే పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచింది వకోవాలో ఉండే పాద్రిదొర ఒక్కడే. మిగిలిన లోకానికి అతను పెద్దన్నే.

ఇరవై నాలుగో ఏట అతన్ని ఉపదేశిగా చేసి, పుట్టిన క్యాంపుకే పంపారు. పాత సున్నపు కొట్టును కడిగించి, ఎనిమిది బల్లలు వేయించి, దానికి ప్రార్థనాలయమని పేరు పెట్టారు. అతని తెలుగు పుస్తకాల్లోంచి వచ్చిన తెలుగు. క్యాంపులో కొత్తగా విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లది ఒక తెలుగు. ఇక్కడే పుట్టినవాళ్లది ఆ దీవిలో అందరూ మాట్లాడే క్రియోలు సగం కలిసిన తెలుగు. పెద్దన్న నోరు విప్పితే రెండు రకాలవాళ్లూ నవ్వేవారు.

“దయచేసి ఆలకించండి అంటాడే,” అనేది అమ్మాయమ్మ, పక్క వరసలో ఉండే ముసలామె. “ఆలకించడానికి దయెందుకు బాబూ, చెవులుంటే సాలదా?”

అలా అంటూనే ఆమె ప్రతి ఆదివారం వచ్చేది. ఆమెకు ఒక చెవి వినపడదు. మొదటి సంవత్సరమంతా వచ్చింది ఆమె, ఇంకొక ముగ్గురు. నెలకొకసారి పెద్దన్న వకోవాకు నడిచి వెళ్లి, ఈ నెల ఎందరు విన్నారో పాద్రిదొరకు చెప్పాలి. నలుగురు అని చెప్పేవాడు. దొర మంచివాడు, ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడమే పెద్దన్నకు బరువుగా ఉండేది. నడిచివచ్చే దారంతా వానలో ఆ నాలుగు అంకె అతని వెంట వచ్చేది.

ఉత్తరాల సంగతి మంచి బుద్ధితోనే మొదలయింది. ఇండియా నుంచి వచ్చే ఉత్తరాలు ఎస్టేటు కచేరీలో పడివుండేవి. ఎవరికి వచ్చిందో చదివి చెప్పే దిక్కు లేదు. కొన్నిటిని ఎలుకలు కొట్టేసేవి. పెద్దన్న చూసి, మిషను పేర ఉత్తరాలు వేయించుకోండి, తపాలా నుంచి నేను తెస్తాను, నేనే చదివి పెడతాను అన్నాడు. ప్రతి శనివారం తెచ్చి, ప్రార్థనాలయం మెట్ల మీద కూర్చుని చదివేవాడు. ఒకరి ఉత్తరం ఒకరికే కాదు. ఏ ఉత్తరమైనా చివర, పక్క ఊరి ఫలానావాడు బతికే ఉన్నాడా, మా చినమావ కొడుకు కనిపించాడా అని పది పేర్లు అడుగుతుంది. అందుకని అందరి ముందూ గట్టిగా చదవడం ఆ క్యాంపు పద్ధతి. చదువుతుంటే ఆడవాళ్లు ఏడ్చేవారు, మగవాళ్లు దూరంగా చెరకు వైపు చూసేవారు.

ఒక శనివారం వాన కుండపోతగా కురిసింది. మెట్ల మీద కూర్చోవడానికి లేదు. రేపు ప్రార్థన అయిపోయాక రండి అన్నాడు పెద్దన్న. మరునాడు వాన తగ్గలేదు. జనం ముందే వచ్చి, తడవకుండా లోపల బల్లల మీద కూర్చున్నారు. ఆవేళ అతను పందొమ్మిది మంది ముందు నిలబడి సువార్త చెప్పాడు. ఎదురుగా అన్ని ముఖాలను అతనెప్పుడూ చూడలేదు.

తరువాతి శనివారం వాన లేదు. అయినా, రేపు ప్రార్థన తరువాత చదువుతాను అన్నాడు.

అలా అది పద్ధతయింది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. ప్రార్థనలో కూర్చున్నవాళ్లకే ఉత్తరం. ఆరు నెలల్లో ముప్ఫై మంది దాకా వచ్చారు. పాద్రిదొర అతని భుజం తట్టాడు.

నాగయ్య మాత్రం రాలేదు.

నాగయ్య విజయనగరం దగ్గరి పల్లె నుంచి ఐదేళ్ల కింద వచ్చినవాడు. పెళ్లయిన ఏడాదికే ఓడెక్కాడు. రామభజనలో పాట ఎత్తుకునేది అతనే. భజనకు పెద్ద అయిన శివయ్య తాళం పట్టుకుంటే, నాగయ్య దీపం చుట్టూ తిరుగుతూ పాడేవాడు. అతను పాడితే పక్క ఎస్టేటు వాళ్లు కూడా కొండ దిగి వచ్చేవారు. ఈ మనిషి ఒక్కడు క్రీస్తు వైపు తిరిగితే క్యాంపంతా తిరుగుతుందని పెద్దన్న లోలోపల అనుకునేవాడు. అంతేకాదు. నాగయ్య అంటే అతనికి ఇష్టం. క్యాంపుకు వచ్చిన కొత్తలో పెద్దన్నకు జ్వరం వస్తే, మిషనువాడని ఎవరూ గడప తొక్కలేదు. నాగయ్య వచ్చాడు. పదకొండు రోజులు కషాయం కాచి పోశాడు.

ఇద్దరూ సాయంత్రం పని దిగాక చెరకు గట్టు మీద కూర్చునేవారు. పెద్దన్న సువార్తలోని సంగతులు చెప్పేవాడు. నాగయ్య గడ్డిపోచ నములుతూ వినేవాడు. ఔననడు, కాదనడు. ఒక్కొక్కప్పుడు, “తరవాతేటయింది?” అని అడిగేవాడు.

ఉత్తరాల కోసం ప్రార్థనకు వెళ్లేవాళ్లకు నాగయ్యే పేరు పెట్టాడు: కాయితం కిరస్తానీలు. క్యాంపంతా ఆ పేరు చెప్పుకుని నవ్వింది. పెద్దన్న కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

1908 జనవరి మొదటి శనివారం నాగయ్య పేర ఉత్తరం వచ్చింది. ఐదేళ్లలో అతనికి వచ్చిన మొదటి ఉత్తరం. ఎవరో ముందే చెప్పినట్టున్నారు; నాగయ్య దారిలోనే ఎదురొచ్చాడు. చేతిలో కలుపు తీసే పార ఇంకా ఉంది.

“నాకు కాయితం వొచ్చిందంట కదేటి?”

“వచ్చింది. రేపు ప్రార్థన తరువాత చదువుతాను.”

“ఇప్పుడు సదివితే అచ్చరాలు అరిగిపోతాయేటి?”

“అందరికీ ఒకటే పద్ధతి నాగయ్యా.”

“అందరూ నీకు కసాయం కాసినారేటి? నాను కాసినాను.” నాగయ్య నవ్వుతూనే అన్నాడు. “తే, ఇటు తే.”

ఉత్తరం పెద్దన్న చొక్కా జేబులోనే ఉంది. అతనూ నవ్వాడు. జేబులోంచి తీయలేదు.

“రేపు రా. ఒక్క గంట కూర్చుంటే పోయేదేముంది?”

“కాయితం కిరస్తానీ అయిపోమంటావు నన్ను.”

“నువ్వు పెట్టిన పేరే కదా.”

నాగయ్య పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆదివారం రాలేదు. రెండో ఆదివారమూ రాలేదు. క్యాంపులో ఇది పందెంలాగా మారింది. ఎవరు ముందు తగ్గుతారో అని జనం చూస్తున్నారు. శివయ్య గట్టిగా అన్నాడట: “ఒక కాయితం కోసం రాముణ్ణి ఒదిలేస్తాడేటి మన నాగయ్య!” ఆ మాట తరువాత నాగయ్యకు రావడం ఇంకా కష్టమయింది. ఆ సంగతి పెద్దన్నకు తెలుసు. తెలిసి కూడా ఆగాడు. ఉత్తరంలో ఏముంటుంది? అందరూ క్షేమం, వానలు పడ్డాయి, ఆవు ఈనింది. ఇన్నేళ్లుగా చదివినవన్నీ అవే. ఆ నాలుగు ముక్కలు రెండు వారాలు ఆలస్యమైతే మనిషికి నష్టమేమీ లేదు, ఈ లోపల అతని ఆత్మకు మేలు జరిగితే జరగవచ్చు. పడుకునే ముందు మోకరించి నాగయ్య కోసం ప్రార్థన చేశాడు. నిజంగానే చేశాడు. ఉత్తరం దిండు కింద ఉంది.

మూడో ఆదివారం నాగయ్య వచ్చాడు. లోపలికి రాలేదు. వాన జల్లు పడుతుంటే చూరు కింద, కిటికీ పక్కన నిలబడ్డాడు. ప్రార్థన సాగినంతసేపూ నిలబడ్డాడు. అతని భుజం ఒకటి తడుస్తూ ఉండడం పెద్దన్నకు కనిపిస్తూనే ఉంది. అందరి ఉత్తరాలూ చదవడమయ్యాక నాగయ్య గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“ఇన్నాను గదా,” అన్నాడు. “మొత్తం ఇన్నాను. ఇంకియ్యి.”

లోపల ముప్ఫై మంది చూస్తున్నారు. 

“లోపల కూర్చున్నవాళ్లకే నాగయ్యా. ఇంత దూరం వచ్చావు. వచ్చే ఆదివారం ఆ గడప కూడా దాటు.”

నాగయ్య అతన్ని కాసేపు చూశాడు. కోపంగా చూడలేదు. సంతలో తెలిసిన మనిషనుకుని పలకరించబోయి, కాదని తెలిసినప్పుడు చూసినట్టు చూశాడు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు.

నాలుగో ఆదివారం గడప దాటాడు. మొదటి బల్ల మీద, మధ్యలో కూర్చున్నాడు. బయట శివయ్య మనుషులు ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. పెద్దన్న ఆవేళ చెప్పినంత బాగా జన్మలో ఎప్పుడూ చెప్పలేదు. తప్పిపోయిన గొర్రె కోసం రాళ్లూ ముళ్లూ తొక్కుతూ వెళ్లిన కాపరి సంగతి చెప్పాడు. అమ్మాయమ్మ కళ్లు ఒత్తుకుంది. చెబుతున్నంతసేపూ అతను నాగయ్య ముఖమే చూశాడు. నాగయ్య అతని జేబు చూస్తున్నాడు.

ఆ తరువాత ఉత్తరం విప్పాడు. నాగయ్య తల్లి చెప్పగా ఊరి పంతులెవరో రాసింది. పద్ధతి ప్రకారం అందరి ముందూ గట్టిగా చదివాడు.

“చిరంజీవి నాగయ్యకు అమ్మ దీవించి వ్రాయించునది. నీవు మూడేళ్ల కింద వ్రాయించితినని ఎవరో చెప్పిన ఉత్తరం మాకు చేరలేదు. నీవు బతికి ఉన్నావో లేదో తెలియదు. కులపెద్దలు కూర్చుని, సముద్రం దాటినవాడు ఐదేండ్లు కబురు పెట్టకుంటే ఆడదానిని కూర్చోబెట్టరాదని చెప్పినారు. నీ పెండ్లాం పైడితల్లి వాళ్ల అన్నలు మారుమనువుకు మాట తెచ్చినారు. పైడితల్లి నా కాళ్ల మీద పడి ఏడ్చినది. శివరాత్రి వరకు గడువు అడిగి తెచ్చినాను. ఆ లోపల నీ పేరున ఒక్క ముక్క అందినా పెద్దలు ఆగెదరు. వచ్చెదవో, ఆమెను పిలిపించుకొందువో, ఆ ఒక్క ముక్క...”

పెద్దన్న అక్కడ ఆగాడు.

“మళ్లీ సదువు,” అన్నాడు నాగయ్య.

మళ్లీ చదివాడు.

“శివరాత్రి ఎప్పుడు?”

“నెల పైన ఉంది,” అన్నారెవరో వెనక నుంచి.

“అయితే కలం తియ్యి. ఇప్పుడే రాయి. బతికే ఉన్నాను, ఒస్తాను అని రాయి.”

పెద్దన్న కలం తీయలేదు. ఎంకన్న అని, చక్కెర బస్తాలు రేవుకు తోలే బండివాడు, బల్ల మీద నుంచి లేచాడు. ఇక్కడే పుట్టినవాడు, ఓడను బాటో అంటాడు. ఇటు అటు చూసి, ఎవరూ చెప్పడం లేదని తనే చెప్పాడు.

“బాటో పోయింది గదా బావా. మొన్న గురువారం. నేను రేవులోనే ఉన్నాను, పొగ సూసినాను. మళ్లీ కొలంబో బాటో ఒచ్చే నెలాఖరుకే.”

నాగయ్య తల తిప్పి పెద్దన్న వైపు చూశాడు. నాలుగు ఆదివారాలు. లెక్క పైకి చెప్పవలసిన అవసరం ఆ గదిలో ఎవరికీ లేదు. నాగయ్య లేచి, చెయ్యి చాచాడు. పెద్దన్న ఉత్తరం అందులో పెట్టాడు. నాగయ్య దాన్ని మడిచి తలగుడ్డలో పెట్టుకుని, బల్లల మధ్యగా బయటికి నడిచాడు.

“ఒక్క మాటైనా తిట్టలేదమ్మా,” అంది అమ్మాయమ్మ పక్కామెతో, తనకు వినపడనట్టే అందరికీ వినపడదనుకుని. “తిట్టుంటే బాగుండు.”

ఇంతవరకు జరిగిందాన్ని పెద్దన్న తరువాతి రోజుల్లో ఎవరికైనా చెప్పగలిగేవాడు. మూర్ఖత్వమని, అత్యాశ అని. ఆ తరువాత జరిగిందే చెప్పలేకపోయాడు.

తంతి ఒకటుందని అతనికి తెలుసు. సముద్రం అడుగున తీగ ఉంది. రెండేళ్ల కింద పాద్రిదొర తల్లి ఇంగ్లండులో చనిపోతే ఆ కబురు రెండు రోజుల్లో వచ్చింది. ఆ కాగితాన్ని పెద్దన్న తన కళ్లతో చూశాడు. నాగయ్యకు గాని, ఎంకన్నకు గాని, క్యాంపులో ఇంకెవరికి గాని ఆ సంగతి తెలియదు. పాద్రిదొర ఒక్క మాట చెబితే భీమిలికి తంతి వెళుతుంది. భీమిలి మిషను నుంచి మనిషి నడిచి వెళ్లినా ఒక్క పూటలో ఆ పల్లె చేరతాడు. దొర కాదనడు. అలాంటి మనిషి కాదు. కాని అడిగితే, ఉత్తరం ఎప్పుడు వచ్చింది అని అడుగుతాడు.

సోమవారం తెల్లవారగానే వకోవా బయలుదేరాడు. దారిలో చెప్పవలసిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాడు. పీఠభూమి ఎక్కేసరికి మబ్బు కమ్మి సన్నవాన పట్టుకుంది. బంగళా వరండాలో దొర కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. తువ్వాలు తెప్పించాడు. ఈ నెల ఎందరు అని అడిగాడు.

“ముప్ఫై నలుగురు, దొరగారూ.”

దొర ముఖం వెలిగింది. “ఆ పాటగాడు? రాముడి పాటలు పాడే మనిషి?”

“నిన్న వచ్చాడు. మొదటి బల్ల మీద కూర్చున్నాడు.”

దొర కళ్లలో నీళ్లు తిరిగాయి. పై దొరలకు రాసే ఉత్తరంలో నీ క్యాంపు గురించి రాశాను అన్నాడు. ఇన్నేళ్ల నా పనిలో నువ్వు నాకు పెద్ద ఊరట అన్నాడు. తరువాత, “ఇంకేమైనా చెప్పాలా?” అని అడిగాడు.

వరండా చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. పెద్దన్న నోటిలో మాటలన్నీ ఉన్నాయి, పేర్చుకున్న వరసలోనే ఉన్నాయి.

“లేదు, దొరగారూ,” అన్నాడు.

వారం రోజులు ప్రతి ఉదయం, ఈవేళ వెళ్లి చెబుతాను అనుకున్నాడు. రెండో వారం కూడా అనుకున్నాడు. ఇప్పటికైనా మించిపోలేదని ప్రతిరోజూ అనిపించేది. ప్రతిరోజూ నిన్నటికంటె కష్టమయ్యేది. శివరాత్రి వచ్చింది. క్యాంపువాళ్లు ఉపవాసమున్నారు. ఆ రోజు పెద్దన్న కూడా ఏమీ తినలేదు. ఎందుకు తినలేదో ఎవరూ అడగలేదు.

నాగయ్య జవాబు ఫిబ్రవరి ఓడలోనే వెళ్లింది. అతను దాన్ని పెద్దన్న చేత రాయించలేదు. పోర్ట్ లూయీలో తెలుగు తెలిసిన ఒక దుకాణదారు దగ్గరికి ఎంకన్న బండి మీద వెళ్లి రాయించాడు. ప్రార్థన తరువాతే ఉత్తరాలు అన్న పద్ధతిని పెద్దన్న తీసేశాడు. శనివారం తెచ్చినవి శనివారమే, ఎవరి గుమ్మం దగ్గర వాళ్లకు చదివేవాడు. నెల తిరిగేసరికి బల్లల మీద ఐదుగురు మిగిలారు. దొర అడిగితే, వానలు అన్నాడు.

జూన్‌లో, చెరకు కోత మొదలయిన వారంలో, నాగయ్యకు రెండో ఉత్తరం వచ్చింది. పెద్దన్న తపాలా నుంచి తిన్నగా తోటలోకి పరుగెత్తాడు. కోతవాళ్ల వరసలో నాగయ్య ఒళ్లంతా మసి, చెమట. పెద్దన్న ఉత్తరం చాచాడు.

“చదవనా?”

“ఒద్దు.”

నాగయ్య చేతులు చొక్కాకు తుడుచుకుని తీసుకున్నాడు. మూడు రోజుల తరువాత, పొద్దు వాలే వేళ, ప్రార్థనాలయం మెట్ల దగ్గరికి వచ్చాడు. అన్ని నెలల తరువాత అతను అక్కడికి రావడం అదే.

“నాకు అచ్చరాలు నేర్పు,” అన్నాడు. “నా కాయితం నాను సదువుకుంటాను. ఇంకొకడి నోటంట ఇనను.”

నాలుగు నెలలు నేర్పాడు. రోజూ పని దిగాక, వెలుతురు ఉన్నంతసేపు. తెలుగులో అచ్చు పుస్తకమంటూ పెద్దన్న దగ్గర ఉన్నది సువార్త ఒక్కటే. మొదటి రోజు అది తీయబోతే, “అదొద్దు,” అన్నాడు నాగయ్య. పెద్దన్న లోపల పెట్టేశాడు. పలక మీద తనే మాటలు రాసి ఇచ్చేవాడు. చెరకు. కత్తి. వాన. పార. అమ్మ. నాగయ్య వేళ్లు కోత కత్తికి బిరుసెక్కి బలపం నిలిచేది కాదు. పెద్దన్న ఆ వేలు పట్టుకుని దిద్దించాలని చాలాసార్లు అనుకున్నాడు. పట్టుకోలేదు. ఆ నాలుగు నెలల్లో దేవుడి ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అతని దగ్గర ఇవ్వడానికి ఉన్నదల్లా అదే. అదే తీయలేకపోయాడు.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం నాగయ్య తన గది ముందు బండ మీద కూర్చుని పెద్దన్నను పిలిచాడు. ఉత్తరం మోకాళ్ల మీద పరుచుకున్నాడు. నాలుగు నెలలు విప్పని ఉత్తరం. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. తప్పు వస్తే పెద్దన్న దిద్దాలని పిలిచినట్టున్నాడు. తప్పులు ఎక్కువ రాలేదు.

శివరాత్రి దాటింది. పైడితల్లి పెద్దల ముందు కూర్చుని, హోళీ పున్నమి దాకా ఆగండి, సముద్రం మీద ఆలస్యమవుతుంది అని ఏడ్చింది. ఆగారు. పున్నమి దాటింది. మారుమనువు చేసుకుని వెళ్లిపోయింది. నీ ఉత్తరం ఆ తరువాత ఆరు రోజులకు వచ్చింది నాయనా.

నాగయ్య ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాడు. రెండోసారి తడుముకోకుండా చదివాడు.

“ఆరు రోజులు,” అన్నాడు.

పెద్దన్న అప్పుడు చెప్పాడు. తంతి సంగతి, వకోవా వరండా సంగతి, దొర అడిగింది, తను అన్నది. ఏదీ దాచలేదు.

“అంత తీగుందా సముద్రంలో?” అన్నాడు నాగయ్య.

“ఉంది.”

“మీ దొరకి సెప్పినావా ఇది?”

“లేదు.”

“మరి నాకెందుకు సెప్తున్నావు? నాకు తెలీదు గదా. తెలీకుండానే పోయేవాణ్ణి.”

నాగయ్య ఉత్తరాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచాడు.

“ఒక మాట సెప్తాను,” అన్నాడు. “ఆ కాయితం వొచ్చిన శనివారం పొద్దున్న, మరసటి దినం నీ పార్దనకి ఒద్దామనే అనుకున్నాను నాను. కాయితం సంగతి నాకప్పటికి తెలీదు. గట్టు మీద నువ్వు సెప్పే మాటలు నాకు బాగుండేవి. శివయ్యకీ సెప్పినాను, ఓపాలి పోయి ఇంటాను, కోప్పడకు అని. తరవాత నువ్వు జేబు మీద సెయ్యేసుకుని, రేపు రా అన్నావు. మరి రాబుద్ధి కాలేదు.”

ఉత్తరం తలగుడ్డలో పెట్టుకుని, “రేపటి నుంచి రానక్కర్లేదు. సదువొచ్చేసింది,” అన్నాడు.

మరునాడు పెద్దన్న వకోవా వెళ్లి పాద్రిదొరకు అన్నీ చెప్పాడు. దొర అతని తల మీద చెయ్యి వేసి, దేవుడు క్షమిస్తాడు అన్నాడు. ఆ మాట వెంటనే అన్నాడు. అంత తొందరగా అనకపోయి ఉంటే బాగుండేదని పెద్దన్నకు అనిపించింది. ఉపదేశి పని మానుకుంటానన్నాడు. దొర ఎంత చెప్పినా వినలేదు. ఆ తరువాత క్యాంపులోనే కూలి పని చేశాడు. ఆదివారాలు ప్రార్థనాలయానికి వెళ్లేవాడు, వెనక బల్ల మీద కూర్చునేవాడు. కొత్తగా వచ్చిన ఉపదేశి చెప్పేది వినేవాడు. క్రీస్తును అతను విడవలేదు. ఇంకొకరిని రమ్మని పిలవడం మాత్రం అతని నోటికి మళ్లీ రాలేదు. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, ఆదివారం తలుపు తీసే ఉంటుంది అనేవాడు.

నాగయ్య మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఇండియాకూ వెళ్లలేదు. ఎవరి కోసం వెళ్లాలి అనేవాడట. తల్లి బతికినంత కాలం తన చేత్తోనే ఉత్తరాలు రాశాడు. క్యాంపులో ఇతరులకూ చదివి పెట్టేవాడు. పెద్దన్న ఎదురుపడితే తల ఊపేవాడు. రెండు మాటలు వాన గురించో కోత గురించో మాట్లాడేవాడు. పగ లేదు. గట్టు మీద మాత్రం మళ్లీ కూర్చోలేదు.

1919లో విషజ్వరం దీవి అంతటా పాకింది. క్యాంపులో ఒక్కొక్క రోజు ముగ్గురు నలుగురు పోయారు. నాగయ్య రెండు రోజులే పడుకున్నాడు, మూడో రోజు పోయాడు. సాయంత్రం మోసుకుపోతుంటే వెంట పట్టుమని పది మంది కూడా లేరు. మిగిలినవాళ్లు మంచం మీద ఉన్నారు. పెద్దన్న వెనక నడిచాడు.

గోతిలో దించాక శివయ్య ఆగాడు. అప్పటికి బాగా ముసలివాడు. మొదటి పిడికెడు మట్టి అయినవాళ్లు వేయాలి. కొడుకు, లేకపోతే తమ్ముడు, లేకపోతే అల్లుడు. శివయ్య నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

“అయినోళ్లెవరూ లేరేటి?”

ముసలి కళ్లకు మనుషులు సరిగా ఆనడం లేదు. ఆయన చూపు పెద్దన్న దగ్గర ఆగింది.

“నువ్వేమవుతావు బాబూ ఇతనికి?”

పెద్దన్న ఒక అడుగు ముందుకు వేశాడు.

“అక్షరాలు నేర్పాను,” అన్నాడు.

శివయ్య తల అడ్డంగా ఊపి, తనే వంగి మట్టి తీసుకున్నాడు. పెద్దన్నకు ప్రార్థన చేయాలనిపించింది. నాగయ్య అడగని ప్రార్థన. చేయలేదు. మిగిలినవాళ్లకు అడ్డం లేకుండా పక్కకు జరిగి, తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు.